బాపును ఏడ్చి తెచ్చుకున్న పిల్ల

రెబెకా సీడీ సినిమాల్లో ఏడ్చిన తన చిన్నతనం గురించి పుస్తకం రాస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "ఏడ్సే సీన్లల్ల కండ్లకు ఏం పెట్టుకునేదానివి? గ్లిజరినా?" బోథ్‌లో ఆమెతో పాటు బడిలో పాఠాలు చెప్పే టీచర్లు అడిగారు, అద్దెకున్న ఇంటి ఓనరమ్మ అడిగింది, పుస్తకం వేస్తానన్న కరీంనగర్ ఆయన పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ అడిగాడు. ఏమీ పెట్టుకోలేదంటే సగం మంది నమ్మరు. నమ్మకపోతే పీడా పోయె! నమ్మినవాళ్ళతోనే తంటా. "అబ్బ, గంత చిన్న వయసుల ఎంత నటన!" అని మురిసిపోతారు. వాళ్ళు మురిసినప్పుడల్లా రెబెకా మాట మారుస్తుంది.

నటన అట, నటన! ఆ పిల్ల ఒక్కనాడూ నటించలేదు. ఆ పిల్లది భయం. కల్తీ లేని భయం.

వాళ్ళది శ్రీరాంపూర్. బొగ్గు గనుల ఊరు. అక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. రెబెకా బాపు, అంటే తండ్రి, జేమ్స్ బాయి లోపల దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. బొగ్గు తవ్వేసిన చోట పైకప్పు కూలకుండా అందరికంటే ముందు తను పోయి నిలబడి, వెనక వచ్చేవాళ్ళకు భద్రం చేసే పని. తల్లి సంతోషమ్మ మెథడిస్ట్ చర్చిలో పాటలు పాడేది. జేమ్స్ షిఫ్టుకు బయలుదేరేటప్పుడు ముగ్గురూ గుమ్మంలో నిలబడి చిన్న ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఆ కాలనీలో ఏ మతంవాళ్ళైనా గుమ్మం దగ్గర ఏదో ఒకటి చేసుకునే పంపిస్తారు. పోయినవాడు రావాలి కదా.

రెబెకాకు ఏడేళ్ళప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటిక వేశారు. తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కునే పిల్ల వేషం ఇచ్చారు. మాటలన్నీ మర్చిపోయి, కళ్ళు ఇంతింత చేసుకుని జనాన్ని చూస్తూ నిలబడిపోయింది. చర్చి మొత్తం చప్పుడు లేకుండా అయిపోయింది. వీడియో తీయడానికి వచ్చిన హనుమండ్లు కెమెరా దించి, "గీ పిల్ల ఎవల బిడ్డ?" అని అడిగాడు. అక్కడ పట్టుకుంది శని.

హనుమండ్లుది సిరిసిల్ల వైపు. బట్ట నేసే ఇల్లు. కరెంటు మగ్గాలను అక్కడ సాంచాలంటారు. పుట్టిన దగ్గర్నుంచీ సాంచాల చప్పుడులో పెరిగాడేమో, మామూలు మాట కూడా అరిచినట్టే ఉండేది. సాంచాల కూలి చాలక పెళ్ళి వీడియోలకు దిగి, అక్కణ్నుంచి సీడీ సినిమాలకు దిగాడు. తాగుబోతు తండ్రి, సవతి తల్లి, మధ్యలో అల్లాడే పసిపిల్ల, ఇవే కథలు. ఆ సీడీలు అంగళ్ళలో అమ్మేవాళ్ళు, కేబుల్ టీవీలో వేసేవాళ్ళు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆడవాళ్ళు వాటిని చూసి ముక్కు చీదుకునేవాళ్ళు.

మొదటి షూటింగులో రెబెకా ఏడవలేదు. హనుమండ్లు కసిరితే నవ్వింది. సవతి తల్లి వేషం వేసిన ఆమె గిల్లితే తిరిగి గిల్లింది. ఎండ నెత్తికెక్కింది. విసిగిపోయిన సంతోషమ్మ పక్కనుంచి మాట అందించింది. "అన్నా, దానికి బాపు అంటే పానం. బాపు మాటెత్తి చూడు, ఏడుస్తది." మీ బాపు కొడతాడనో, బాపు నీతో మాట్లాడడనో చెబుతాడని ఆమె అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు.

హనుమండ్లు పిల్లను పక్కకు తీసుకుపోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జన్మంతా అరిచే మనిషి, చెవిలో ఎంత మెత్తగా చెప్పాడో! "బిడ్డా, బాయిల కప్పు కూలిందట. మీ బాపు లోపట్నే ఉన్నడట."

రెబెకా నోరు తెరిచింది, శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. ఆ ఏడుపుకు పక్కింటివాళ్ళు బయటికొచ్చారు, కట్టేసిన మేక లేచి నిలబడింది. కెమెరా తిరుగుతూనే ఉంది. "ఓకే!" అని అరిచి హనుమండ్లు పిల్లను ఎత్తుకున్నాడు. "ఉత్తదే బిడ్డా, ఉత్తదే! మీ బాపు మంచిగున్నడు. ఏం ఏడ్సినవే తల్లీ!" అందరూ చప్పట్లు కొట్టారు. సంతోషమ్మ కూడా కొట్టింది, పాపం. ఆమెకేం తెలుసు?

హనుమండ్లు దుర్మార్గుడైతే నాలుగు తిట్లు తిట్టి చేతులు దులుపుకుందుము. కాదే! పిల్లకు ముందు అన్నం పెట్టించి తర్వాత తను తినేవాడు. దగ్గితే మందు తెచ్చేవాడు. మనుషులు తాము చేసేది ఏమిటో చూసుకోకుండా ఎంత దూరమైనా పోగలరని ఇలాంటివాళ్ళను చూస్తేనే అర్థమవుతుంది.

ఆ సాయంత్రం జేమ్స్ ఇంటికి వచ్చినప్పుడు రెబెకా ఆయన చెయ్యి పట్టి చూసింది, చెవులు పట్టి చూసింది, చొక్కా ఎత్తి పొట్ట చూసింది. "ఏందే, తనిఖీనా?" అని ఆయన నవ్వాడు. రెబెకా నవ్వలేదు.

రెండో సినిమాలోనూ అదే మాట. మూడో సినిమాలోనూ అదే. అబద్ధమని పిల్లకు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగేది కాదు, ఎందుకంటే ఆ సమయానికి బాపు నిజంగానే బాయి లోపల ఉండేవాడు. కప్పు నిజంగానే నెత్తిమీద ఉండేది. హనుమండ్లు మామకు తెలియకుండానే ఒక్కసారి అది నిజమై ఉంటే?

ఈ భయానికి ఒక దారి దొరికింది నాగయ్య వల్ల. నాగయ్య కూడా సాంచాల మనిషే. ఆ సినిమాల్లో చచ్చిపోయే తండ్రి వేషాలన్నీ ఆయనవే. శవంగా పడుకున్న షాట్ అయిపోయాక ఆయన పాడె మీదనుంచి లేచేవాడు కాదు. "నా నవ్వు తియ్యుండ్రి ముందు," అనేవాడు. అది సినిమావాళ్ళ ఆచారం. శవం వేషం వేసిన మనిషిని అక్కడే లేపి కూర్చోబెట్టి, కెమెరా వైపు చూసి నవ్వమంటారు. ఆ నవ్వును కూడా తీస్తారు, సినిమాలో మాత్రం పెట్టరు. తర్వాత గుమ్మడికాయ పగలగొడతారు. చావు నటించినందుకు తగిలే కీడు అట్లా పోతుందట. ఒకసారి బ్యాటరీ అయిపోయి నవ్వు తీయకుండానే సామాను సర్దబోతే, నాగయ్య పాడె మీదే పడుకుని గొడవ చేశాడు. "నా ఇంట్ల పెండ్లాం పిల్లలున్నరు. నవ్వు తియ్యంది నేను లేవ!" బ్యాటరీ తెచ్చేదాకా లేవలేదు.

రెబెకా ఇదంతా దూరంగా నిలబడి చూసింది. నాగయ్య కాకను ఉత్తుత్తిగా చంపితేనే ఇంత జాగ్రత్త పడుతున్నారే, మరి తన చెవిలో బాపును చంపుతున్నారు. ఆయన నవ్వు ఎవరు తీస్తున్నారు? ఆయనకు గుమ్మడికాయ ఎవరు పగలగొడుతున్నారు? ఎవరూ లేరు. అయినా ప్రతిసారీ బాపు ఇంటికి వస్తూనే ఉన్నాడు. ఎందుకొస్తున్నాడు? తను ఏడుస్తోంది కాబట్టి. గట్టిగా, గొంతు పోయేలా ఏడుస్తోంది కాబట్టి కీడు విరిగిపోతోంది. పసి మనసు లెక్క అది. అందులో తప్పు ఎక్కడుందో చూపించడానికి పెద్దవాళ్ళెవరికైనా ఆ లెక్క తెలియాలి కదా? ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పని చెయ్యదేమోనని ఇంకో భయం.

ఇక ఆ పిల్ల బతుకు ఎట్లా ఉండి ఉంటుందో మీరే చూసుకోండి. చెవిలో ఆ మాట పడగానే ప్రాణం పెట్టి ఏడ్చేది. సగం ఏడిస్తే బాపు సగమే వస్తాడేమో! షిఫ్టు దిగే సైరన్ మోగితే గుడ్లప్పగించి గేటు వైపు చూసేది. వేళ కాని వేళ ఏ లారీ హారన్ మోగినా చేతిలో పలక జారిపోయేది. జేమ్స్‌కు ఇవేవీ తెలియవు. ఆయన సీడీలు కొని తోటి కార్మికుల ఇళ్ళకు పంచేవాడు. "చూడుండ్రి మా బిడ్డ ఎట్ల యాక్టింగ్ చేస్తదో! అచ్చం నిజం లెక్కనే లేదా?" అని తొడ చరిచి నవ్వేవాడు. టీవీలో రెబెకా వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఆ ఏడుపు ఎవరి కోసమో ఆ మనిషే ఎదురుగా కూర్చుని పల్లీలు నములుతూ చూసేవాడు.

పిల్లలు పెరుగుతారు. హనుమండ్లుకు అదొక్కటే నచ్చలేదు. "జర ఆగి పెరుగరాదే, గింత తొందరేంది?" అని దెప్పేవాడు. గౌను పొట్టిదైపోయింది, గొంతు మారింది. ఆ మార్పులకు రెబెకా భయపడలేదు. ఆమెను భయపెట్టింది ఇంకొకటి. ఏడుపు ఆలస్యంగా రాసాగింది. చెవిలో మాట పడ్డాక ఇదివరకు రెప్ప వాల్చేలోగా వచ్చే కన్నీళ్ళు, ఇప్పుడు పిలిస్తే గానీ వచ్చేవి కావు. ముందు రోజు నుంచే పడుకుని బాపు పాడెను ఊహించుకుని, దాచుకున్న డబ్బుల్లాగ ఏడుపును కూడబెట్టుకునేది.

పదమూడో ఏట ఖానాపూర్ దగ్గర ఒక పెంకుటింట్లో షూటింగ్ పెట్టారు. నాగయ్య పాడె మీద పడుకున్నాడు. రెబెకాకు చిరుగుల గౌను వేసి, ముఖానికి బూడిద పూశారు. జేమ్స్ ఆ రోజు పొద్దుటి షిఫ్టులో బాయి దిగాడు. హనుమండ్లు ఎప్పటిలాగే వంగి చెవిలో చెప్పాడు. "బిడ్డా, బాయిల కప్పు కూలింది. మీ బాపు లోపట్నే ఉన్నడు."

ఏడుపు రాలేదు.

రెబెకా కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవి కొరుక్కుంది. బాపు చేతిని తలచుకుంది, బొగ్గు నలుపు ఎప్పటికీ పోని ఆ గోళ్ళను తలచుకుంది. లోపల ఏదీ కదల్లేదు. హనుమండ్లు మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇంకొంచెం కలిపి. "పెద్ద బండ పడ్డదట. నీ పేరు పెట్టి పిలుస్తుండట." ఒక్క చుక్క రాలేదు. చెప్పడమైతే చెప్పేశాడు. చంపడమైతే చంపేశారు. తను ఏడవలేదు. ఇప్పుడు బాపు ఎట్లా వస్తాడు?

"మామా," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "నాగయ్య కాకకు నవ్వు తీస్తరు గద. మా బాపుకు గూడ తియ్యుండ్రి."

"మీ బాపుకెందుకే?"

"ఎప్పుడు నా చెవిల సంపుతున్నవ్ గద! కప్పు కూలిందంటవ్. ఇయ్యాల నాకు ఏడుపు రాలే. నవ్వన్న తియ్యుండ్రి మామా, కాల్మొక్కుత!"

పాడె మీది నాగయ్య కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు. సంతోషమ్మ చేతిలోని దువ్వెన కిందపడింది. "ఏందన్నా? ఏం చెప్తున్నవ్ నా బిడ్డ చెవుల?" అని హనుమండ్లు మీదికి పోయింది. "బాపు మాటెత్తుమన్న గనీ, సంపుమన్ననా? నీ నోరు పడిపోను!" ఇంటి ముందు పెద్ద లొల్లి లేచింది. ఆ లొల్లిలో రెబెకా వాకిలి దాటి, రోడ్డెక్కి, మంచిర్యాల బస్సు కనబడితే ఎక్కేసింది. కెమెరా లేకపోతే పాయె. తనే పోయి బాపును నవ్విస్తుంది.

బస్సు కదిలాక పక్క సీటు ముసలామె ముఖంలో ముఖం పెట్టి చూసింది. ఆమె పేరు కనకవ్వ, నస్పూర్‌లో బిడ్డ ఇంటికి పోతోంది. "ఓ పిల్లా, నువ్వు సీడీలల్ల ఏడ్సే పోరివి గాదా?" అని కేక పెట్టింది. ఇంకేముంది, బస్సు మొత్తం ఇటే తిరిగింది. "అవునే, గామెనే!" "మా అత్త గీమెను చూసి అన్నం మానేసింది!" పిల్ల టికెట్ కనకవ్వే కొని, గడ్డం పట్టుకుంది. "ఏదీ, ఒక్కపారి ఏడువు బిడ్డా, సూస్తం."

రెబెకా ప్రయత్నించింది. నిజంగా ప్రయత్నించింది! వాళ్ళ కోసం కాదు. ఇప్పుడన్నా వస్తే బాపుకు అందుతుందేమోనని. ముఖం నలిపింది, ఊపిరి బిగబట్టింది, చెయ్యి కొరుక్కుంది. చుట్టూ నిలబడినవాళ్ళు ఉత్సాహంగా సాయం చేయబోయారు. "దెబ్బ తాకినట్టు అనుకో!" "అన్నం పెట్టలేదనుకో!" వెనక సీటు నుంచి ఎవరో మగమనిషి నవ్వుతూ అన్నాడు. "మీ బాపు సచ్చిపోయిండనుకో పిల్లా, అదే వస్తది."

"అనకుండ్రి!" రెబెకా పెట్టిన కేకకు డ్రైవర్ బ్రేకు తొక్కాడు. "గామాట అనకుండ్రి! నాకు ఏడుపొస్తలేదు, అనకుండ్రి!"

అందరి నవ్వులూ ఆగిపోయాయి. కనకవ్వ ఏం అర్థం చేసుకుందో ఏమో, పిల్ల తల తన ఒడిలోకి లాక్కుని కొంగుతో బూడిద తుడవసాగింది. మంచిర్యాలలో దిగాక కనకవ్వే ఎక్కడికి పోవాలో అడిగి ఆటో మాట్లాడి, నస్పూర్ దాటిపోయినా లెక్కచెయ్యక, శ్రీరాంపూర్ బాయి గేటు దాకా తెచ్చి దింపింది.

షిఫ్టు అప్పటికే వదిలేశారు. మనుషులు గుంపులుగా బయటికి వస్తున్నారు. అందరి ముఖాలూ నల్లగా, అందరి కళ్ళూ తెల్లగా. రెబెకా ఒక్కొక్క ముఖంలోకి తొంగి చూస్తూ గుంపుకు ఎదురు నడిచింది. ఈయన కాదు. ఈయనా కాదు. గుంపు పలచబడింది. తర్వాత ఒకరూ ఇద్దరూ. తర్వాత ఎవరూ లేరు. చివర వచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని అడిగింది, "జేమ్స్ ఏడి? మా బాపు జేమ్స్?"

ఆయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంటూ మామూలుగా చెప్పాడు. "లోపట్నే ఉన్నడు బిడ్డా."

అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. రెబెకా గేటు ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆ మనిషి ఇంకా ఏదో చెప్పాడు, మనుషుల్ని పైకి తెచ్చే బండి ఆగిపోయిందనీ, వెనకవాళ్ళు నడిచి ఎక్కుతున్నారనీ. ఆమె చెవుల్లోకి పోలేదు. అక్కడ నిలబడి ఎంతసేపు ఎదురుచూసిందో ఆమె ఈనాటికీ చెప్పలేకపోతోంది. పుస్తకంలో ఆ చోటికి వచ్చినప్పుడు రెండు వారాలు కలం పట్టలేదు.

జేమ్స్ వచ్చాడు. వగరుస్తూ, మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ, అందరికంటే వెనక వచ్చాడు. బిడ్డను చూసి అదిరిపడ్డాడు.

"గిదేందే? గీడికెట్లొచ్చినవ్? మీ అమ్మేది? మొకానికి గా బూడిదేంది?"

"నవ్వు బాపు."

"ఏమైంది బిడ్డా?"

"ముందుగాల నవ్వు. నువ్వు నవ్వితెనే పోతది."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని పక్కకు తెచ్చి కూర్చోబెట్టి అడిగితే, రెబెకా మొత్తం చెప్పేసింది. మొదటి షూటింగు, చెవిలో మాట, నాగయ్య నవ్వు, గుమ్మడికాయ, అన్నీ. వింటూ వింటూ జేమ్స్ మట్టిలో చతికిలబడ్డాడు. తను పల్లీలు నములుతూ చూసిన ఏడుపులు, తొడ చరిచి మెచ్చుకున్న ఏడుపులు ఒక్కొక్కటే ఆయన కళ్ళ ముందుకు వచ్చి ఉంటాయి.

"ఎన్నిసార్లు సంపిండ్రే నన్ను?" అన్నాడు చివరికి.

"తెల్వది బాపు. సంపినప్పుడల్ల ఏడ్చి తెచ్చుకున్న. ఇయ్యాల ఏడుపు రాలే."

జేమ్స్ నవ్వబోయాడు. నల్లటి ముఖంలో పళ్ళు కనబడ్డాయి, కానీ అది నవ్వు కాలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారి బొగ్గులో చారలు పడ్డాయి. "నవ్వుతున్న బిడ్డా, చూడు, నవ్వుతున్న," అంటూ ఏడ్చాడు. రెబెకా ఆయన ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూనే ఉంది. ఆమెకు ఇంకా ఎక్కువ భయం వేసింది. నాగయ్య కాక నవ్వు ఎన్నడూ ఇట్లా ఉండేది కాదు.

అంతలో హనుమండ్లు కారు వచ్చి ఆగింది. సంతోషమ్మ దిగి పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ కలిపి కౌగిలించుకుంది. వెనకే హనుమండ్లు దిగి, దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జేమ్స్ కోపిష్టి మనిషి, కొడతాడని అందరూ అనుకున్నారు. కొట్టలేదు. లేచి పోయి హనుమండ్లు ముందు తల వంచి, చెవి చూపించాడు.

"నా చెవుల గూడ చెప్పన్నా. నా బిడ్డకు ఏం చెప్పినవో గదే చెప్పు. ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు."

సాంచాల చప్పుడును దాటి అరిచే ఆ గొంతు పెగలలేదు. ఆ తర్వాత హనుమండ్లు మళ్ళీ పెళ్ళి వీడియోలకే పోయాడు. రెబెకా కెమెరా ముందుకు మళ్ళీ పోలేదు.

జేమ్స్ ఆమెకు ఏ నీతీ చెప్పలేదు. నీ ఏడుపుకూ నా ప్రాణానికీ సంబంధం లేదని బోధించడానికి కూర్చోలేదు. మర్నాడు షిఫ్టు దిగి వస్తూ, కాలనీ మలుపులోనే నిలబడి, వీధంతా తలుపులు తీసేలా గట్టిగా కేక వేశాడు. "రెబెకా! వచ్చిన బిడ్డా!" ఆ మర్నాడూ అంతే. వాన పడినా అంతే, జ్వరంతో ఉన్నా అంతే. జనం నవ్వారు. నవ్వితే నవ్వుకోనీ అన్నాడు. రిటైరయ్యే రోజు దాకా ఒక్క షిఫ్టు కూడా ఆ కేక లేకుండా ఇల్లు చేరలేదు.

ఇప్పుడాయన మందులకు పోయినా, కూరగాయలకు పోయినా, ఇంటికి చేరగానే బోథ్‌కు ఫోన్ చేస్తాడు. "వచ్చిన బిడ్డా." రెబెకా క్లాసులో ఉంటే బయటికొచ్చి వింటుంది. "సరే బాపు," అంటుంది. అంతే, పెట్టేస్తారు. ఆ ఫోన్ రాని రోజు ఒకటి ఉంటుందని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. అప్పుడు కప్పు కూలినా, ఇప్పుడు గుండె ఆగినా ఒకటే. దానికి కూడా ఆమె సిద్ధపడగలదేమో. పదమూడో ఏట ఖానాపూర్‌లో ఆగిపోయిన ఏడుపు ఇంతవరకూ దేనికీ తిరిగి రాలేదు. ఆ రోజు కూడా ఏడుపు రాకపోతే ఎట్లా అన్నదే ఆమె భయం.